మా మరదలి ఖాళీ మూట

మా మరదలు ఏం పని చేస్తుందని మా వీధిలో ఎవరినైనా అడగండి, పళ్ల డాక్టరు దగ్గర పేర్లు పిలిచే అమ్మాయి అంటారు. అది పొద్దుటి పని. అసలు పని వేరే ఉంది. దాని సంగతి నాకైనా మొన్న మొన్నటిదాకా సరిగ్గా తెలియదు. తెలిసినప్పటి నుంచి కడుపులో దాచుకోలేక చస్తున్నాను. కూర్చోండి, చెబుతాను. మధ్యలో మాత్రం అడ్డం రాకండి, వరస తప్పితే నాకు ఒళ్లు మండుతుంది.

నాది బట్టలు కుట్టే షాపు. బడి యూనిఫారాలు, గౌన్లు, ప్యాంట్లు, ఏదైనా కుడతాను. మా తమ్ముడు రైలు డ్రైవరు, వారంలో సగం రోజులు పట్టాల మీదే ఉంటాడు. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక వాడి పెళ్లాం క్లినిక్ నుంచి తిన్నగా నా షాపుకొచ్చేస్తుంది. కటింగ్ బల్లకి ఆ చివర కంప్యూటరు తెరుస్తుంది. ఈ చివర నా కత్తెర చప్పుడు, ఆ చివర తన టకటకలు. "ఏం చేస్తున్నావే?" అంటే, "మూటలు కడుతున్నా వదినా" అనేది. వచ్చినవాళ్లకు నేను కూడా "మా మూటల మరదలు" అనే పరిచయం చేసేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వేది.

ఆ మూటల సంగతి ఇదీ. లోకంలో ఎవరెవరో సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే ఇచ్చేస్తారట. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్‌సోర్స్ అంటే అదే. అయితే రాసినవాళ్లు ఇచ్చేది గుడ్డ తాను లాంటిది. దాన్ని మామూలు మనిషి కంప్యూటర్లోకి ఒక్క నొక్కుతో ఎక్కేలా కత్తిరించి, కుట్టి, మడతపెట్టి, అందరూ తీసుకునే ఒక స్టోరులో పెట్టేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లలో మా మరదలు ఒకతె. ఆ కట్టిన దాన్ని ప్యాకేజీ అంటారు. జీతమేమీ రాదు. "మరి ఎందుకే ఈ పాట్లు?" అంటే, "ఎవరో ఎక్కడో వాడుకుంటారుగా వదినా" అనేది. ఎవరో ఎక్కడో! నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

తనకి వదిలిపెట్టలేని చాదస్తం ఒకటుంది. ఏ మూటలోనూ అక్కర్లేనిది ఉండకూడదు. మా ఇంటి అటక సర్దమంటే సగం సామాను వీధిలో పెట్టింది. క్లినిక్‌లో డాక్టరుగారి సొరుగు కూడా సర్దేసి, ఆయన పట్టకారు కనిపించక కేకలేస్తుంటే నవ్వుకుంటూ తీసిచ్చిందట. తన చేతికి ఒక శబ్దాల ప్రోగ్రాం వచ్చింది, రకరకాల రికార్డింగులు తెరిచి వినిపించి, కత్తిరించేది. అంతకు ముందు దాన్ని చూసుకునే ఆయన అన్ని రకాల శబ్దాలకూ కావలసిన సరంజామా మొత్తం ఒకే మూటలో కుక్కేవాడు. మా పిల్ల ఊరుకుంటుందా? విడదీసింది. అందరికీ కావలసింది ఒక మూట. ఎవరో కొందరికే కావలసినవి, కొన్ని దేశాల్లో హక్కుల పేచీ ఉన్నవి వేరే చిన్న మూట. కావలసినవాళ్లు రెండోది కూడా తెచ్చుకుంటారు. చేతుల్లేని గౌను కుట్టి, చేతులు విడిగా కవర్లో పెట్టి ఇస్తాను చూడండి, అలాగన్నమాట. ఆ పని అయిన రోజున తను నాకు టీ ఇప్పించింది కూడా.

ఇక మా ఆయన సంగతి. కూరగాయల టోకు మార్కెట్లో వేలం వేసేవారు. ఆ గొంతు మీరు వినలేదు గానీ, వింటే మర్చిపోరు. మైకు అక్కర్లేదు. ఆయన నోరు విప్పితే లారీల హారన్లు కూడా ఆగి వినేవి. ఇంట్లోనూ అంతే, ఉప్పు డబ్బా అడిగినా వేలం వేసినట్టే అడిగేవారు. అలాంటి మనిషికి గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ముందే డాక్టర్లు చెప్పారు. అందుకే ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో మాటల డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, ఒక చేతి రికార్డరులో గంటల తరబడి చదివించి దాచింది. ఆ రికార్డింగుల మీద కంప్యూటరుకి తర్ఫీదిస్తే, ఆయన ఏం టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుందట.

ఆ తర్ఫీదు మొదలయ్యేలోపు వాడుకోమని వేరే గొంతు ఉన్న పెట్టె ఒకటి ఇచ్చారు. ఆయన ఒక్క మాట టైపు చేశారు. రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం నంబరు చెప్పే మనిషిలా పలికింది. ఆయన పెట్టె మూసేసి, కాగితం మీద రాసిచ్చారు: "ఇది నేను కాదు. వద్దు." అంతే. ఆ రోజు నుంచి మార్కెట్ వైపు పోవడం మానేశారు. స్నేహితులొస్తే వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుతుంటే గోడలతో మాట్లాడుతున్నట్టుండేది. నాకు నోట్లో నువ్వు గింజ నానదని పేరు, అయినా అలా మాట్లాడటం నాకే భయమేసేది. ఆయన గొంతు వెనక్కి వస్తేనే ఆయన మనుషుల్లో పడతారు. నా ఆశంతా ఆ రికార్డింగుల మీదే.

తర్ఫీదుకి బలమైన కొత్త కంప్యూటరు వచ్చింది, రమ్మని కబురొచ్చింది. ఒక గురువారం నేనూ ఆయనా వెళ్లాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అక్కడ మెషీన్లు చూసుకునే ఆయనకి నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుంది, నేను తాళాలాయన అంటాను. మంచివాడే. మా ఆయన రికార్డింగు మీద నొక్కాడు. తెర మీద ఏదో వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"ఏమైందండీ?" అన్నాను.

"ఈ రకం శబ్దం తెరవడం తెలియదంటోందమ్మా. మా రికార్డరు పాతది. పాత సెల్‌ఫోన్లలో ఉండే ఫార్మాట్‌లో రాస్తుంది. పాత కంప్యూటర్లో చక్కగా తెరుచుకునేది, అది పాడైపోయింది. ఇందులో అన్నీ కొత్త వెర్షన్లు."

"అయితే ఆ రికార్డింగు నా చేతికివ్వండి. మా మరదలు కంప్యూటరులో ఏదైనా తెరుస్తుంది."

"ఇవ్వలేనమ్మా. పేషెంట్ల గొంతులు ఈ గది దాటకూడదు. బయటి సాఫ్ట్‌వేర్ ఇందులో ఎక్కించనూ కూడదు. అసలు స్టోరులోంచి వచ్చిందే వేసుకోవాలి."

ఒంటికాలి మీద లేచాను. "మా ఆయన గొంతు మా ఆయనకివ్వడానికి మీకేం నొప్పండీ? అది మీ తాళాల గుత్తికి వేలాడేసుకుంటారా?" అని కయ్యిమన్నాను. పాపం, ఆయన తల దించుకున్నాడు. నియమం ఆయన పెట్టింది కాదు. అయినా నేను ఆగలేదు. మా ఆయన నా భుజం తట్టి, లేచి బయటికి నడిచారు. ఆ నడక చూశాక తిట్లు అక్కడే వదిలేసి ఆయన వెనకే నడిచాను.

షాపుకొచ్చి జరిగిందంతా మరదలికి చెప్పాను. వింటూ వింటూ తన మొహం పాలిపోయింది. "ఏ ప్రోగ్రాం వదినా? పేరు చూశావా?" అంది. తాళాలాయన కాగితం మీద రాసిచ్చాడు, చూపించాను. తను నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అది నాదే వదినా. నేను విడదీసిన మూటే. పాత ఫోన్ల శబ్దం రెండో మూటలో పెట్టాను."

"అయితే మా ఆయన గొంతు మింగింది నువ్వేనన్నమాట!"

అనేశాను. అని నాలిక కరుచుకున్నాను. తను ఏడవలేదు. కంప్యూటరు ముందుకి లాక్కుని, "రెండో మూట ఉంది కదా, అది వేసుకుంటే రావాలే," అని తనలో తను గొణుక్కుంటూ స్టోరులోంచి ఆ చిన్న మూట తెచ్చి విప్పింది. లోపల ఏమీ లేదు. పేరుంది, వివరం ఉంది, లైసెన్సు కాగితం ఉంది, అసలు సరుకు లేదు. చేతుల కవరు ఇచ్చింది గానీ అందులో చేతులు పెట్టలేదు!

"నువ్వు చూసుకోలేదుటే?"

"చూసుకున్నా వదినా! నా కంప్యూటర్లో పనిచేసింది!"

ఇక్కడ వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఆ తప్పు అర్థం కాదు. మూట అసలుగా కట్టేది తన కంప్యూటరు కాదు. ఎక్కడో శుభ్రంగా తుడిచిపెట్టిన మెషీన్లుంటాయి. ఏమేం కావాలో తను చీటీ రాస్తే, చీటీలో ఉన్నవే తెచ్చుకుని అవి కడతాయి. పాత ఫోన్ల శబ్దం విప్పే సరంజామా తన కంప్యూటర్లో ఎప్పటి నుంచో పడి ఉంది. ఇంట్లో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది గనక కొట్టు చీటీలో ఉప్పు రాయం చూడండి, తనూ రాయలేదు. ఆ శుభ్రమైన మెషీన్ కనీసం అరిచి గోల చేయాలా వద్దా? చేయలేదు. ఎందుకంటే ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు "దొరికితే కలుపు, లేకపోతే ఊరుకో" అని రాసిపెట్టారు. అది ఊరుకుంది. ఖాళీ మూట కట్టి, అంతా బాగుందని సంతకం పెట్టి పంపేసింది.

"అయితే ఇప్పుడు సరిచేసి పెట్టు," అన్నాను.

"రేపు సాయంత్రం స్టోరు తలుపులు మూసేస్తారు వదినా. కొత్త విడుదలకి అదే ఆఖరు. ఆ తర్వాత మళ్లీ తెరిచేది వచ్చే ఏడాదే."

వచ్చే ఏడాది! మా ఆయన ఏడాది పొడుగునా ఆ వెనక గదిలోనా? "క్లినిక్‌కి సెలవు పెట్టు. నేను షాపు మూస్తాను," అన్నాను. పిల్ల అప్పటికే టైపు చేస్తోంది.

తలుపు దగ్గర ఒక మనిషి ఉంటాడట, ఏదో దేశంలో. ఆఖరి రోజున ఏ మూట లోపలికి పోవాలో ఆయన చూస్తాడు. గేటాయన అందాం. తను జరిగిన తప్పంతా దాచకుండా రాసి పంపింది. ఆయన గంట తిరక్కుండానే జవాబిచ్చాడు. సరిచేసిన మూటని వేరే ఎవరైనా శుభ్రమైన కంప్యూటర్లో వేసి చూసి పనిచేసిందని చెప్పాలి. పైగా, ఇలాంటిది మళ్లీ జరగకుండా మూటలోనే ఒక పరీక్ష పెట్టాలి. కట్టిన ప్రతిసారీ ఆ రకం రికార్డింగొకటి తెరిచి చూసుకోవాలి, తెరుచుకోకపోతే మూటే కట్టకూడదు. ఆ రికార్డింగు మీద ఎవరికీ ఏ హక్కూ ఉండకూడదు.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే నేనూ మరదలూ ఆస్పత్రికి పరిగెత్తాం. నేను తిట్టిన తిట్లకి తాళాలాయన మొహం చాటేస్తాడేమో అనుకున్నాను. విషయం వినగానే ఆయనకి మాకంటే ఎక్కువ హుషారొచ్చింది. పేషెంట్ల గొంతులేవీ లేని విడి కంప్యూటరొకటి ఉందట, కొత్తవి ప్రయత్నించి చూసుకోవడానికి. దాన్ని మొత్తం తుడిచేసి మా ముందు పెట్టాడు. ఆ పాత రికార్డరు కూడా తెచ్చాడు.

"ఎవరి గొంతు రికార్డు చేద్దాం?" అన్నాడు. ఇద్దరూ నా వైపే చూశారు.

"నేనా? నేనేం మాట్లాడను?"

"ఏదైనా సరే వదినా. నువ్వు షాపులో మాట్లాడేలాగే."

రికార్డరు నోటి ముందు పెట్టుకున్నాను. ఆ పెట్టెని చూస్తే కోపమొచ్చింది. "ఏమే, నువ్వేనా? మా ఆయన గంటలకొద్దీ చదివితే బుద్ధిగా విని, తీరా అడిగితే తెలియదంటావా? నీ మొహం మండ! ఇవాళ సాయంత్రం లోపల నోరు విప్పావా సరే, లేదంటే నిన్ను ఇస్త్రీపెట్టె కింద పెడతాను!" అని దులిపేశాను. తాళాలాయన నవ్వాపుకోలేక గది బయటికి పోయాడు.

మరదలు మాత్రం నవ్వలేదు. బుద్ధిగా అడిగింది. "వదినా, ఇది ఎవరైనా వినొచ్చు, పంచిపెట్టొచ్చు, మార్చుకోవచ్చు. నీకు సమ్మతమేనా?"

"మార్చుకోవడమంటే? నాది మగ గొంతు చేస్తారా?"

"చేయొచ్చు."

"చేసుకోమను. తిట్లు మాత్రం మార్చొద్దను."

"అలా షరతు పెట్టకూడదు వదినా. షరతు పెడితే ఓపెన్‌సోర్స్ కాదు."

"సరే పో, తిట్లు కూడా మార్చుకోమను!"

తను చకచకా పనిలో పడింది. "దొరికితే కలుపు" అన్న చోట "తప్పనిసరిగా కలుపు" అని మార్చింది. కట్టే మెషీనుకి పంపింది. తాళాలాయన తిరిగొచ్చాక మేం ముగ్గురం తెరకి కళ్లప్పగించి కూర్చున్నాం. అక్షరాలు పరుగెత్తాయి, పరుగెత్తి పరుగెత్తి ఠక్కున ఆగాయి. ఎర్రగా ఏదో వచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మా మరదలు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"ఆగిపోయింది వదినా! ఆగిపోయింది!"

"ఆగిపోతే ఆ గంతులేమిటే నీకు?"

"ఇన్నాళ్లూ ఆగకపోవడమే కదా తప్పు! చూడు, ఫలానాది లేదని ఇప్పుడు తనే చెబుతోంది!" అని, ఆ ఫలానాది పేరు చీటీలో చేర్చి మళ్లీ పంపింది. ఈసారి అక్షరాలు ఆగలేదు. చివర్న పరీక్ష మొదలైంది. ఎక్కడో ఏ దేశంలోనో ఒక మెషీన్ నా తిట్లు తెరిచి చూసుకుంటోంది. పచ్చగా ఒక గీత వచ్చింది. తాళాలాయన చప్పట్లు కొట్టాడు, నేనూ కొట్టాను, ఎందుకు కొడుతున్నానో పూర్తిగా తెలియకుండానే.

అప్పుడు తాళాలాయన పెద్ద మూట మాత్రం విడి కంప్యూటర్లో వేసి, నా రికార్డింగు మీద నొక్కాడు. "తెలియదు" అనలేదది. "ఈ శబ్దానికి ఇంకో మూట కావాలి, తెచ్చుకోనా?" అని అడిగింది. ఆ మర్యాద మా మరదలు అప్పటికప్పుడు నేర్పిందే. తెచ్చుకోమని నొక్కాడు. మరుక్షణం "ఏమే, నువ్వేనా?" అని నా గొంతు గదంతా మోగింది. పక్క గదిలోంచి నర్సు పరుగెత్తుకొచ్చి, "ఎవరండీ ఆ గొడవ?" అంది.

పనిచేసిందని తాళాలాయన తన పేరుతో రాసి పంపాడు. ఇక గేటాయన జవాబు రావాలి. రాదే! మధ్యాహ్నం దాటింది. కిటికీలో ఎండ జరుగుతోంది. మరదలు గోళ్లు కొరుకుతోంది. "పడుకున్నాడేమోనే, వాళ్ల దేశంలో ఇప్పుడు ఏ వేళో," అన్నాను. "పడుకోడు వదినా, ఇవాళ పడుకోడు," అంది గానీ తన గొంతు వణికింది. ఆ గొంతు వినగానే నిన్న నేనన్న మాట గుర్తొచ్చి, దగ్గరికి లాక్కుని, "రాకపోతే రాకపోనీ. నువ్వు మింగలేదులే," అన్నాను. అప్పుడు ఏడ్చింది పిల్ల. నిన్నటి నుంచి బిగపట్టుకున్నదంతా ఏడ్చింది.

ఏడుస్తుండగానే టింగుమంది. తీసుకున్నాడు! రెండు మూటలూ లోపలికి పోయాయి! కింద ఒక ముక్క కూడా రాశాడట: పరీక్ష చాలా బాగుంది, భాష తెలియదు గానీ ఆవిడ ఎవరినో గట్టిగా తిడుతున్నట్టుంది, ఎవరిని అని.

"నిన్నే అని రాయి," అన్నాను. మరదలు కన్నీళ్లలోనే పకపకా నవ్వింది. ఇప్పటికీ లోకంలో ఎక్కడ ఎవరు ఆ మూట కొత్తగా కట్టినా, ముందు నా తిట్లు తినే కట్టాలి.

వారం తిరిగేసరికి ఆస్పత్రి కంప్యూటర్లోకి అసలు స్టోరు నుంచి రెండు మూటలూ వచ్చాయి. మా ఆయన రికార్డింగులన్నీ తెరుచుకున్నాయి. తర్ఫీదుకి ఇంకొన్నాళ్లు పట్టింది. పిలిచిన రోజున నేను, మరదలు ఆయన్ని చెరో పక్కనా పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్లాం. ఆయనకి నమ్మకం లేదు, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. మాటల డాక్టరమ్మ ఆయన ముందు కొత్త పెట్టె పెట్టి, "ఏదైనా టైపు చేయండి" అంది.

ఆయన పెట్టెని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. నేనూరుకుంటానా? "నా పేరు టైపు చేయండి. కాదు కాదు, మీ పేరు చేయండి. ముందు బాగున్నానని చెప్పండి. అయ్యో, ఆ మీట కాదండీ, ఇటు పక్కది! డాక్టరమ్మా, కొంచెం మీరు చూపించండి. నువ్వైనా చెప్పవే మరదలా!" అంటూ ఊపిరి తీసుకోకుండా వాగుతున్నాను. సంతోషమో భయమో తెలియదు, నా నోరు నా మాట వినడం లేదు. ఆయన ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నెమ్మదిగా కొట్టారు. కొట్టి, మీట నొక్కారు.

"చెల్లెమ్మా, మీ వదినని కాస్త ఆగమను. నేను మాట్లాడాలి."

ఆయనే. లారీలు ఆగే గొంతు. ఆ విసుగు కూడా ఆయనదే.

నేను ఆగాను. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా, చీకటి పడేదాకా ఆయనే మాట్లాడారు.